హైడ్రా ఎందుకు పెద్దది కాదు, తిమింగలం ఎందుకు చిన్నది కాలేదు

ప్రశ్న: "మాది హనుమకొండ. ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. చెరువు నీళ్లలో బతికే చిన్న జంతువు హైడ్రాకు, నీలి తిమింగలానికి మధ్య పోలికలు, తేడాలు రాసుకు రమ్మన్నారు. హైడ్రాకు గుండె లేదు, రక్తం లేదు, ఊపిరితిత్తులు లేవు, మెదడు లేదు అని రాసేసరికి తేడాల పట్టిక నిండిపోయింది. పోలికల కింద 'రెండూ జంతువులే' తప్ప ఇంకేమీ తోచట్లేదు. అసలు ఇవేవీ లేకుండా హైడ్రా ఎట్లా బతుకుతోంది సార్?"

సమాధానం:

బిడ్డా, నువ్వు ఆఖర్న అడిగిందే అసలు ప్రశ్న. ముందు దాని సంగతి చూద్దాం, పట్టిక సంగతి తర్వాత. 'లేదు, లేదు' అని రాసుకుంటూ పోతే హైడ్రా సగం తయారై ఆగిపోయిన జంతువులా కనిపిస్తుంది. నేను జువాలజీ చెప్పినన్నాళ్లూ పిల్లల మనసులోంచి తీసేయాలని చూసింది ఈ ఒక్క అభిప్రాయాన్నే. హైడ్రాకు గుండె లేకపోవడం లోటు కాదు. దానికి గుండెతో పనే లేదు. ఎందుకు లేదో అర్థమైతే, తిమింగలానికి అంత పెద్ద గుండె ఎందుకో కూడా అదే లెక్కలో తేలిపోతుంది.

హైడ్రా పూర్తిగా సాగినప్పుడు పొడవు సుమారు ఒక సెంటీమీటరు. ఒళ్లంతా ఒక సన్నటి గొట్టం. ఒక చివర అంటుకునే పాదం, రెండో చివర నోరు, నోటి చుట్టూ తీగల్లాంటి స్పర్శకాలు. గొట్టం గోడలో ఉన్నవి రెండే కణ పొరలు. బయటిది బాహ్యత్వచం, లోపలిది అంతరత్వచం. వాటి మధ్య మీసోగ్లియా అనే జిగురు లాంటి పలచటి పొర. బయటి పొరను చెరువు నీళ్లు తాకుతుంటాయి. లోపలి పొరను నోట్లోంచి గొట్టంలోకి వచ్చిన నీళ్లు తాకుతుంటాయి. అంటే హైడ్రా ఒంట్లో నీళ్లకు దూరంగా పడిపోయిన కణం దాదాపు ఒక్కటీ లేదు.

ఇప్పుడు విసరణ గుర్తు చేసుకో. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు తనంతట తానే వెళ్తుంది. దానికి శక్తి ఖర్చు లేదు. కానీ ఒక చిక్కుంది. దూరం రెట్టింపైతే పట్టే సమయం నాలుగింతలవుతుంది, పదింతలైతే నూరింతలవుతుంది. సుమారు లెక్క వేసి చూడు. మిల్లీమీటరులో పదో వంతు దూరం పోవడానికి ఆక్సిజన్‌కు రెండు మూడు సెకన్లు చాలు. ఒక మిల్లీమీటరుకు నాలుగు నిమిషాలు. పది సెంటీమీటర్లకు దాదాపు ఒక నెల. ఒక మీటరు దూరానికి ఎనిమిదేళ్లు!

ఈ అంకెలు నోట్సులో రాసుకో. జంతువుల శరీర నిర్మాణంలో సగం సంగతులు వీటి వెనకే ఉన్నాయి.

మన చెరువులే చూడు. కాకతీయుల కాలం నాటి పాకాల కానీ, రామప్ప కానీ, చెరువు అంచున ఊట దిగే మడికి కాలువ ఎవరూ తవ్వరు. తడి దానికదే అందుతుంది. అదే మైళ్ల దూరంలో ఉన్న ఆఖరి ఆయకట్టుకు నీళ్లు పోవాలంటే తూము కావాలి, పెద్ద కాలువ కావాలి, దాంట్లోంచి పిల్ల కాలువలు చీలాలి. హైడ్రా కణాలన్నీ చెరువు అంచు మడులు. తిమింగలం కణాలన్నీ ఆఖరి ఆయకట్టు.

నీలి తిమింగలం పొడవు 30 మీటర్ల దాకా ఉంటుంది, బరువు 150 టన్నులు దాటవచ్చు. దాని కండరం లోపలి కణం సముద్రపు నీళ్లను ఎన్నడూ తాకదు. తాకినా లాభం లేదు, అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. విసరణ మీద ఆధారపడితే ఆక్సిజన్ అందే లోపల ఆ కణం ఎప్పుడో చచ్చిపోతుంది. అందుకే దానికి రక్తం, రక్తంలో హీమోగ్లోబిన్, లెక్కలేనన్ని రక్తనాళాలు, ఆ రక్తాన్ని తోసే గుండె. కెనడా తీరంలో 2014లో చనిపోయి కొట్టుకొచ్చిన ఒక నీలి తిమింగలం గుండెను టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం వాళ్లు భద్రపరిచారు. దాని బరువు సుమారు 180 కిలోలు. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరీ బేలో బతికున్న నీలి తిమింగలం ఒంటికి సక్షన్ కప్పులతో (గాలి లాగి అంటుకునే రబ్బరు గిన్నెలతో) ఒక పరికరం అంటించి గుండె చప్పుడు రికార్డు చేశారు, ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మేత కోసం లోతుకు మునిగినప్పుడు నిమిషానికి రెండు సార్లు మాత్రమే కొట్టుకున్న సందర్భాలున్నాయి. పైకి తేలి ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు 37 దాకా వెళ్లింది. లోపలున్నప్పుడు ఆక్సిజన్ పొదుపు, పైకి రాగానే అప్పు తీర్చుకోవడం. అంత తేడా ఒకే గుండెలో!

తిమింగలాలు ఒక్క శ్వాసలో ఊపిరితిత్తుల్లోని గాలిలో 80 శాతానికి పైగా మార్చేసుకుంటాయి. మామూలుగా ఊపిరి పీల్చేటప్పుడు మనం మార్చేది అందులో చిన్న భాగమే. పైగా వాటి కండరాల్లో మయోగ్లోబిన్ దండిగా ఉంటుంది, అందుకే ఆ మాంసం నలుపు తిరిగినంత ఎర్రగా ఉంటుంది. ఆక్సిజన్‌ను అక్కడే నిల్వ పెట్టుకుంటాయి.

కాబట్టి నీ పట్టికలో గుండె, రక్తం, ఊపిరితిత్తులు, కిడ్నీలు అన్నీ వేర్వేరు తేడాలుగా రాయనక్కర్లేదు. అవన్నీ ఒకే తేడాకు కొమ్మలు. ఆ తేడా పేరు సైజు. పొడవు పదింతలైతే ఉపరితలం నూరింతలు పెరుగుతుంది, ఘనపరిమాణం వెయ్యింతలు పెరుగుతుంది. తినేది, పీల్చేది అంతా ఉపరితలం నుంచే రావాలి. ఖర్చేమో ఘనపరిమాణంలో ఉంది. ఆ లోటు పూడ్చడానికే ఊపిరితిత్తుల్లో అన్ని వాయుగోణులు, పేగుల్లో అన్ని మడతలు. ఉపరితలాన్ని మడిచి లోపల పెట్టుకోవడమన్నమాట.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు, నువ్వూ వేస్తావని అనుకుంటున్నాను. జెల్లీఫిష్ కూడా హైడ్రా తెగే కదా, సింహపు జూలు జెల్లీఫిష్ గొడుగు రెండు మీటర్ల వెడల్పు దాకా పెరుగుతుంది కదా, దానికి గుండె లేదే? నిజమే. కానీ దాని లావంతా మీసోగ్లియాదే, అందులో ఎక్కువ భాగం నీళ్లు. దానికి ఆక్సిజన్ ఖర్చు చాలా తక్కువ. బతికున్న కణాలు మాత్రం అక్కడా పలచటి పొరలుగానే పరుచుకుని ఉన్నాయి. నియమం తప్పలేదు, దారి వెతుక్కుంది.

సరే, హైడ్రా ఎందుకు పెద్దది కాలేదో తెలిసింది. మరి తిమింగలం ఎందుకు చిన్నది కాలేదు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నాకు మాత్రం ఇదే ఇష్టం. భూమ్మీద చుంచులున్నాయి, చిట్టెలుకలున్నాయి. సముద్రంలోనే పుట్టి సముద్రంలోనే బతికే చుంచంత క్షీరదం ఒక్కటైనా ఉందా? లేదు. తిమింగలాలు, డాల్ఫిన్ల కుటుంబాల్లో అతి చిన్నవాటిలో ఒకటైన మెక్సికో వాకీటా కూడా మీటరున్నర ఉంటుంది.

కారణం వేడి. హైడ్రా ఒంటి వేడి ఎంతంటే చెరువు నీళ్ల వేడి ఎంతో అంత. దానికి కాపాడుకోవాల్సిన ఉష్ణోగ్రత అంటూ లేదు. తిమింగలం మనలాగే ఉష్ణరక్త జంతువు, 36, 37 డిగ్రీల దగ్గర ఒంటిని నిలబెట్టుకోవాలి. నీళ్లు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. చుంచంత ప్రాణికి ఉపరితలం ఎక్కువ, లోపల సరుకు తక్కువ. చల్లటి సముద్రంలో వేస్తే ఎంత తిన్నా వేడి నిలవదు. ఒళ్లు పెద్దదైతే లెక్క తిరగబడుతుంది. వేడి పుట్టే ఘనపరిమాణం ఎక్కువ, పోయే ఉపరితలం తక్కువ, దానిపైన చర్మం కింద మందంగా కొవ్వు పొర. పుట్టేటప్పుడే నీలి తిమింగలం పిల్ల సుమారు 7 మీటర్లు, రెండు మూడు టన్నులు ఉంటుంది. తల్లి పాలల్లో వెన్న శాతం 35కు పైనే. చిన్నగా పుట్టే వీలు దానికి లేదు.

అంటే ఒకే సూత్రం, ఉపరితలానికీ ఘనపరిమాణానికీ ఉన్న నిష్పత్తి, హైడ్రాను పెరగనివ్వలేదు, తిమింగలాన్ని తగ్గనివ్వలేదు. నీ సమాధానానికి నడుము ఇదే.

ఇక నేల మీద అంత పెద్దది ఎందుకు లేదంటావా, దానికి సాక్ష్యం మన ఉత్తర తెలంగాణలోనే దొరికింది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అది తొమ్మిది మీటర్ల జంతువు. వెళ్లినప్పుడు దాని కాళ్ల ఎముకలు చూడు, ఎంత లావో. నేల మీద బరువంతా కాళ్లే మోయాలి. కాలి బలం ఎముక అడ్డుకోత వైశాల్యంతో, అంటే పొడవు వర్గంతో పెరిగితే, బరువు పొడవు ఘనంతో పెరుగుతుంది. సముద్రంలో తిమింగలం బరువును నీళ్లు మోస్తాయి. అదే తిమింగలం ఒడ్డున పడితే తన బరువుకు తానే నలిగి ఊపిరాడక పోతుంది.

ఇప్పుడు పోలికలకు వద్దాం. నువ్వనుకున్నంత తక్కువేమీ లేవు.

మొదటిది తిండి. నీలి తిమింగలం తినేది క్రిల్, అంటే రొయ్యల తెగ, క్రస్టేషియన్లు. రోజుకు టన్నుల కొద్దీ తింటుంది. హైడ్రా తినేది డాఫ్నియా, సైక్లాప్స్ అనే చిన్న నీటి ప్రాణులను. అవీ క్రస్టేషియన్లే. (సైక్లాప్స్ అంటే ఊళ్లో పెద్దవాళ్లకు వేరే రకంగా తెలుసు. దిగుడు బావి నీళ్లతో నారికురుపు వచ్చింది దాని వల్లే. ఆ రోగం మన దేశంలో లేదని 2000లో ప్రకటించారు.) ప్రపంచంలోనే అతి పెద్ద జంతువూ, కంటికి ఆనీ ఆనని ఈ జంతువూ ఒకే తెగను తిని బతుకుతున్నాయి. పట్టే తీరు మాత్రం వేరు. తిమింగలం నోరు తెరిచి మంద మొత్తాన్ని నీళ్లతో సహా మింగి, దవడకు వేలాడే జల్లెడ లాంటి బలీన్ పలకల గుండా నీళ్లు బయటకు తోసేస్తుంది.

హైడ్రా పట్టడం లెన్సు కింద చూసి తీరాలి. గాజు పళ్లెంలో హైడ్రా స్పర్శకాలు వేలాడేసుకుని కదలకుండా ఉంటుంది. డాఫ్నియా గంతులు వేస్తూ వేస్తూ ఒక స్పర్శకానికి తగులుతుంది. అంతే, అక్కడే ఆగిపోతుంది. రెండు మూడు సార్లు కొట్టుకుని చల్లబడుతుంది. మిగతా స్పర్శకాలు నిదానంగా ఒంగి దాన్ని నోటి వైపు లాగుతాయి. అప్పటిదాకా ఎక్కడుందో కూడా కనపడని నోరు తెరుచుకుని, తన గొట్టం కన్నా లావున్న డాఫ్నియా మీదికి పాకుతుంది. కాసేపటికి ఒళ్లు ఉబ్బి, లోపల డాఫ్నియా నల్ల కన్ను బయటికి కనిపిస్తుంది.

తగలగానే ఎందుకు ఆగిపోయిందంటే, స్పర్శకాల నిండా దంశకణాలున్నాయి. ఒక్కో కణంలో చుట్టచుట్టుకున్న విషపు దారం, దాని వెనక 150 వాతావరణాల పీడనం. అది పేలే వేగాన్ని 2006లో అతివేగ కెమెరాతో కొలిచారు. సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. జంతు ప్రపంచంలో అంత వేగంగా జరిగే కదలికలు అతి కొద్ది. ఇది తెలిశాక 'సరళ జీవి' అన్న మాట నాకు నోరారా అనబుద్ధి కాదు. ఇక డాఫ్నియా గాయం లోంచి కారే గ్లూటాథయోన్ అనే రసాయనమే నోరు తెరవమని హైడ్రాకు సంకేతం. ఇది 1955లోనే తేలింది.

రెండో పోలిక నీటి తంటా. హైడ్రా ఉన్నది మంచినీళ్లలో. దాని కణాల్లో లవణాలు ఎక్కువ, బయట తక్కువ, కాబట్టి ద్రవాభిసరణ వల్ల నీళ్లు ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటాయి. కణాలు ఆ నీళ్లను గొట్టంలోకి తోస్తాయి, గొట్టం నిండాక ఒళ్లు ముడిచి నోట్లోంచి బయటకు వదిలేస్తుంది. తిమింగలానిది సరిగ్గా తలకిందుల కష్టం. చుట్టూ ఉప్పునీళ్లు, ఒంట్లో ఉప్పు తక్కువ. అది తిండిలోని నీటితో సరిపెట్టుకుని, చిన్న చిన్న తమ్మెలుగా చీలిన పెద్ద కిడ్నీలతో మిగులు ఉప్పును మూత్రంలో పంపేస్తుంది. సమస్య ఒకటే, దిక్కులు వేరు. ఇది ఎగ్జామినర్‌కు తప్పక నచ్చే పాయింటు.

మూడోది నాడులు. హైడ్రాకు మెదడు లేదు కానీ ఒళ్లంతా నాడీవల ఉంది, నాడీకణాలు మన వాటిలాగే విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. స్పెర్మ్ వేల్ అనే ఇంకో రకం తిమింగలం మెదడు బరువు సుమారు 8 కిలోలు. అంత తేడా ఉన్నా, 2020లో జపాన్, కొరియా శాస్త్రవేత్తలు హైడ్రా కూడా నిద్ర లాంటి స్థితిలోకి పోతుందని చూపించారు. నిద్రకు మెదడే అక్కర్లేదన్నమాట! డాల్ఫిన్లేమో మెదడు సగం నిద్రపోతే సగం మేలుకునే పద్ధతిలో పడుకుంటాయి.

నాలుగోది, లోతైనది, పుట్టుక. 1909లో ఎథెల్ బ్రౌన్ అనే అమెరికన్ విద్యార్థిని ఒక హైడ్రా నోటి దగ్గరి కణజాలం కొద్దిగా తీసి ఇంకో హైడ్రా నడుముకు అతికించింది. అక్కడ కొత్త తల మొలిచింది. పిండంలో ఏది తల, ఏది తోక అని నిర్ణయించే భాగం ఒకటుంటుందన్న ఆలోచనకు ఇది మొదటి సాక్ష్యాల్లో ఒకటి. హైడ్రా నోటి దగ్గర ఆ పని చేసే డబ్ల్యుఎన్‌టి జన్యువుల కుటుంబమే వెన్నెముక జంతువుల పిండాల్లోనూ దేహపు ముందు వెనకలను తీర్చిదిద్దుతుంది. మీసోగ్లియాలో ఉన్న కొల్లాజెన్ తిమింగలం చర్మంలోనూ ఉంది. సుమారు 60 కోట్ల ఏళ్లకు ముందు విడిపోయిన రెండు దారుల్లో అవే పనిముట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి.

ఆయుష్షు గురించి నువ్వు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. 1740లో హేగ్ దగ్గర ట్రెంబ్లే అనే ఆయన, ఇది మొక్కా జంతువా తేల్చుకోవడానికి హైడ్రాను రెండు ముక్కలు చేశాడు. రెండూ రెండు పూర్తి హైడ్రాలయ్యాయి. 1972లో ఇంకో అడుగు ముందుకు వేసి హైడ్రాను విడి విడి కణాలుగా విడగొట్టి ముద్ద చేస్తే, ఆ ముద్దలోంచి మళ్లీ హైడ్రా వచ్చింది. మంచి మేత ఉంటే అది మొగ్గ తొడిగి పిల్లల్ని వదులుతూనే ఉంటుంది, మూలకణాలు పాత కణాల స్థానంలో కొత్తవి నింపుతూనే ఉంటాయి. 1998లో డేనియల్ మార్టినెజ్ నాలుగేళ్లు పెంచి చూస్తే ముసలితనం ఛాయలే కనపడలేదు. చావదని కాదు, నీళ్లు చెడితే, చేప మింగితే చస్తుంది. వయసు మీద పడి చచ్చే లక్షణం మాత్రం కనపడలేదు. తిమింగలాల్లో బోహెడ్ అనేది 200 ఏళ్లకు పైగా బతుకుతుందని అంచనా. 2007లో అలాస్కాలో వేటాడిన ఒకదాని ఒంట్లో 19వ శతాబ్దం నాటి ఈటె మొన దొరికింది. అన్ని లక్షల కోట్ల కణాలున్నా, అన్నేళ్లు బతికినా వాటికి కేన్సర్ విపరీతంగా రాదు. ఎందుకో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. లక్ష కణాలు కూడా లేని హైడ్రాలో మాత్రం సహజంగా కణుతులు వస్తాయని 2014లో కనుక్కున్నారు.

రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. హైడ్రా నుంచి తిమింగలం దాకా మెట్లెక్కినట్టు పరిణామం జరిగిందని రాయకు. తిమింగలం పూర్వీకులు నాలుగు కాళ్ల మీద నడిచి మళ్లీ నీళ్లలోకి దిగినవి. ఎ. రంగారావు అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త కశ్మీర్ ప్రాంతం కాలాకోట్ రాళ్లలోంచి 1971లో వర్ణించిన ఇండోహయస్ అనే చిన్న జంతువు తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో తేలింది. ఈనాటి తిమింగలం ఒంట్లో కటి ఎముకల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. హైడ్రా దాని దారిలో అదీ అంతే కాలం ప్రయాణించి ఇక్కడికి వచ్చింది.

తిమింగలాన్ని నేను చూపించలేను కానీ హైడ్రాను నువ్వే చూడొచ్చు. వడ్డేపల్లి, ధర్మసాగర్ లాంటి చెరువుల్లో మురుగు కలవని ఒడ్డు చూసుకో, తోడుగా పెద్దవాళ్లను తీసుకుపో, లోపలికి దిగొద్దు. నీట మునిగిన పిచ్చిమొక్కల కొమ్మలు, తామరాకుల అడుగు భాగం ముక్కలు కొన్ని చెరువు నీళ్లతోనే గాజు సీసాలో వేసుకుని రా. నల్లా నీళ్లు కలపకు, క్లోరిన్‌కు చచ్చిపోతాయి. కిటికీ దగ్గర ఎండ నేరుగా పడని చోట ఒక రాత్రి కదపకుండా ఉంచితే, తెల్లారేసరికి వెలుతురు వైపు గాజుకు అంటుకుని స్పర్శకాలు చాచుకుని ఉంటాయి. దొరక్కపోతే ఇంకో ఒడ్డు నుంచి ఇంకో సీసా తెచ్చుకో. చలికాలం మంచి అదను, ఎండలు ముదిరి నీళ్లు వేడెక్కితే కనపడవు. దొరికితే లెన్సు కింద బొమ్మ గీసి రికార్డులో పెట్టు, మీ సార్‌కు పట్టిక కన్నా ముందు ఆ బొమ్మ చూపించు.